వెంట్రుకవాసి!

సెకనులో నూరోవంతు తేడాతో ఒకరికి స్వర్ణం, ఇంకొకరికి రజతం. ఒకే ఒక్క పాయింటుతో ఒకరికి కిరీటం, మరొకరికి కన్నీరు. 2008 ఆటల చరిత్రను రాసింది ఈ చిన్న చిన్న తేడాలే. గీతకు అటువైపున్న విజేతలను లోకం నెత్తిన పెట్టుకుంది. మరి ఇటువైపే ఆగిపోయినవాళ్లు ఏమయ్యారు?

2008 ఆగస్టు 16. బీజింగ్‌లోని వాటర్‌ క్యూబ్‌ ఈతకొలను. వంద మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌. అప్పటికే ఆ ఒలింపిక్స్‌లో ఆరు స్వర్ణాలు గెలిచిన అమెరికా ఈతగాడు మైకేల్‌ ఫెల్ప్స్‌ సగం దూరం అయ్యేసరికి ఏడో స్థానంలో ఉన్నాడు. అందరికన్నా ముందు సెర్బియా కుర్రాడు మిలొరాడ్‌ చావిచ్‌. ఆఖరి మీటర్లలో ఫెల్ప్స్‌ పుంజుకున్నాడు. గోడ దగ్గరికొచ్చేసరికి చావిచ్‌ చేతులు ముందుకు చాచి నీళ్లమీద అలా జారుతూ వచ్చాడు. ఫెల్ప్స్‌ మాత్రం మరో అర బార వేసి గోడను గట్టిగా తట్టాడు. చూసినవాళ్లంతా చావిచ్‌దే గెలుపనుకున్నారు. బోర్డుమీద అంకెలు వెలిగాయి. ఫెల్ప్స్‌ 50.58 సెకన్లు. చావిచ్‌ 50.59.

తేడా... సెకనులో నూరోవంతు! కనురెప్ప వాల్చి ఎత్తడానికి పట్టే సమయం అంతకన్నా చాలా ఎక్కువ.

ఆ ఒక్క నూరోవంతే లేకపోతే ఫెల్ప్స్‌ ఎనిమిది స్వర్ణాల కథ లేదు. 1972లో మార్క్‌ స్పిట్జ్‌ నెలకొల్పిన ఏడు స్వర్ణాల రికార్డు చెరిగేదే కాదు. అసలు దానికి ముందే రిలేలోనూ ఫెల్ప్స్‌ గండం గట్టెక్కాడు. నాలుగు వందల మీటర్ల ఫ్రీస్టయిల్‌ రిలేలో ఆఖరున దిగిన జేసన్‌ లెజాక్‌ చివరి క్షణాల్లో ఫ్రాన్స్‌ ఈతగాణ్ని దాటి, సెకనులో నూటికి ఎనిమిది వంతుల తేడాతో జట్టును గెలిపించాడు. బటర్‌ఫ్లై ఫలితంమీద సెర్బియా బృందం ఫిర్యాదు చేస్తే, అధికారులు కెమెరా చిత్రాలను ఒక్కొక్కటిగా చూపించారు. గోడనున్న పలకను ముందు నొక్కింది ఫెల్ప్సేనని తేలింది. చావిచ్‌ గొడవ పెట్టుకోలేదు. రజతం దక్కినందుకు సంతోషంగానే ఉన్నానన్నాడు. మళ్లీ ఏడాది రోమ్‌ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదే పోటీలో, అదే ఫెల్ప్స్‌ చేతిలో సెకనులో పదోవంతు పైచిలుకు తేడాతో మళ్లీ ఓడాడు. ఒలింపిక్‌ స్వర్ణం అతనికి ఎప్పటికీ అందలేదు.

2008 అంతా ఇలాగే నడిచింది. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా, అమెరికా ఫుట్‌బాల్‌ నుంచి మన చెపాక్‌ టెస్టు దాకా పెద్ద ఫలితాలెన్నో వెంట్రుకవాసిలో తేలాయి.

ముప్పై అయిదు సెకన్లు

ఫిబ్రవరి 3. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం. ఆ దేశంలో ‘ఫుట్‌బాల్‌’ అంటే బంతిని చేతుల్లో పట్టుకుని పరిగెత్తే ఆట. దాని ఆఖరి పోరు పేరు సూపర్‌బౌల్‌. పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఆ ఆదివారం హడావుడి తెలిసిందే. ఆ ఏడాది న్యూ ఇంగ్లండ్‌ పేట్రియాట్స్‌ జట్టు ఆడిన పద్దెనిమిది మ్యాచుల్లోనూ గెలిచి ఫైనల్‌కు వచ్చింది. పంతొమ్మిదోదీ గెలిస్తే, 1972లో మయామి డాల్ఫిన్స్‌ తర్వాత ఓటమే లేకుండా టైటిల్‌ కొట్టిన రెండో జట్టవుతుంది. ఎదురుగా ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోని న్యూయార్క్‌ జెయింట్స్‌.

ఆట ఆఖరికొచ్చేసరికి పేట్రియాట్స్‌ 14-10తో ఆధిక్యంలో ఉంది. అప్పుడు జెయింట్స్‌ ఆటగాడు డేవిడ్‌ టైరీ గాల్లోకి ఎగిరి, బంతిని తన హెల్మెట్‌కు అదిమి పట్టుకుని కిందపడ్డాడు. బంతి నేలను తాకలేదు. తాకి ఉంటే ఆ ఎత్తు అక్కడితో పోయేది. ఆ తర్వాత కాసేపటికే ప్లాక్సికో బరెస్‌ గీత దాటి బంతినందుకున్నాడు. గడియారంలో మిగిలింది 35 సెకన్లు. ఫలితం 17-14. పద్దెనిమిది గెలుపుల లెక్క ఆ ఒక్క ఓటమితో మరుగున పడిపోయింది.

ఆ జట్టు నాయకుడు టామ్‌ బ్రేడీకి నాలుగేళ్ల తర్వాత అదే జెయింట్స్‌ చేతిలో ఫైనల్లో మరోసారి పరాభవం ఎదురైంది. అయినా ఆడటం మానలేదు. 2017లో 3-28తో వెనకబడ్డ ఫైనల్‌ను గెలిపించి చూపించాడు. రిటైరయ్యేసరికి అతని ఖాతాలో ఏడు సూపర్‌బౌల్స్‌!

వానలో జారిన కాలు

మే 21. మాస్కో లుజ్నికి స్టేడియం. యూరప్‌ క్లబ్‌ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన ఛాంపియన్స్‌ లీగ్‌ ఫైనల్‌. మాంచెస్టర్‌ యునైటెడ్‌, చెల్సీ చెరో గోల్‌ చేశాయి. అదనపు సమయంలోనూ తేలక పెనాల్టీల దాకా వెళ్లింది. యునైటెడ్‌ తరఫున క్రిస్టియానో రొనాల్డో కొట్టిన బంతిని గోల్‌కీపర్‌ ఆపేశాడు. ఇక చెల్సీ కెప్టెన్‌ జాన్‌ టెర్రీ తన పెనాల్టీని గోల్‌లోకి పంపితే చాలు, కప్పు చెల్సీదే.

వాన కురుస్తోంది. టెర్రీ నాలుగడుగులు పరుగెత్తి బంతిని తన్నాడు. సరిగ్గా అప్పుడే ఆనించిన కాలు పచ్చికమీద జారింది. బంతి గోల్‌ స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఆ తర్వాత నికొలాస్‌ అనెల్కా కొట్టిన బంతిని వాన్‌డెర్‌సార్‌ ఆపాడు. 6-5తో కప్పు యునైటెడ్‌కు వెళ్లింది. టెర్రీ మైదానంలోనే వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ కాలు జారకపోతే ఆ రాత్రి తలదించుకోవాల్సింది రొనాల్డో. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా నిలిచింది కూడా అతనే!

నాలుగేళ్లకు చెల్సీ మ్యూనిక్‌లో మళ్లీ ఫైనల్‌ ఆడింది. మళ్లీ పెనాల్టీలే. ఈసారి కప్పు దక్కింది. 2008లో రెడ్‌కార్డుతో మైదానం వీడిన దిదియె ద్రోగ్బా ఆఖరి పెనాల్టీ కొట్టి గెలిపించాడు. సెమీస్‌లో రెడ్‌కార్డు పడి నిషేధం ఎదుర్కొన్న టెర్రీ మాత్రం ఆ ఫైనల్లో ఆడలేకపోయాడు.

అదే ఏడాది జూన్‌ 22న స్పెయిన్‌ మరో పెనాల్టీ గండం దాటింది. ఆ తేదీ అంటేనే ఆ దేశానికి భయం. 1986, 1996, 2002... మూడుసార్లూ పెద్ద టోర్నీ క్వార్టర్‌ఫైనల్లో పెనాల్టీల్లో ఓడింది జూన్‌ 22నే! యూరో 2008 క్వార్టర్స్‌లో ఇటలీతోనూ అదే తేదీన పెనాల్టీలే వచ్చాయి. గోల్‌కీపర్‌ కాసియాస్‌ రెండు ఆపాడు. స్పెయిన్‌ గట్టెక్కింది. వారం తిరక్కుండా వియన్నాలో జర్మనీని 1-0తో ఓడించి, 44 ఏళ్ల తర్వాత పెద్ద టైటిల్‌ అందుకుంది. 2010 ప్రపంచకప్పు, 2012 యూరో కప్పు కూడా దానివెంటే వచ్చాయి.

అయిదు పాయింట్లు

జులై 6. వింబుల్డన్‌ సెంటర్‌ కోర్టు. వరసగా అయిదేళ్లు అక్కడ గెలిచిన రోజర్‌ ఫెదరర్‌ ఒకవైపు. 2006, 2007 ఫైనల్స్‌లో అతని చేతిలోనే ఓడిన రఫెల్‌ నాదల్‌ ఇంకోవైపు. 2007 ఫైనల్‌ అయిదు సెట్లు సాగింది. అది పోగొట్టుకుని నాదల్‌ బాగా ఏడ్చాడంటారు.

ఈసారి నాదల్‌ మొదటి రెండు సెట్లు గెలిచాడు. వాన పడింది. ఫెదరర్‌ మూడోది టైబ్రేక్‌లో లాక్కున్నాడు. నాలుగో సెట్‌ టైబ్రేక్‌లో నాదల్‌ రెండుసార్లు ఒక్క పాయింటు దూరంలో నిలిచాడు. రెండుసార్లూ ఫెదరర్‌ తప్పించుకున్నాడు. మళ్లీ వాన. అయిదో సెట్‌ నడుస్తుండగానే చీకటి పడుతోంది. బంతి కనిపించడమే కష్టమవుతున్న వేళ, 4 గంటల 48 నిమిషాల పోరు తర్వాత నాదల్‌ 9-7తో గెలిచాడు. మొత్తం ఆటలో నాదల్‌ గెలిచిన పాయింట్లు 209, ఫెదరర్‌ గెలిచినవి 204. అయిదు గంటల యుద్ధానికి అయిదు పాయింట్ల తేడా!

ఓడిన ఫెదరర్‌ పనైపోయిందన్నవాళ్లు ఎందరో. రెండు నెలలకే అతను యూఎస్‌ ఓపెన్‌ గెలిచాడు. మరుసటి ఏడాది వింబుల్డన్‌ ఫైనల్లో ఆండీ రాడిక్‌ను అయిదో సెట్లో 16-14తో ఓడించి కిరీటం తిరిగి తెచ్చుకున్నాడు. ఈసారి గీతకు ఇటువైపు ఆగిపోయింది రాడిక్‌. అతనికి వింబుల్డన్‌ ఎప్పటికీ దక్కలేదు.

ఒంటికాలి ఛాంపియన్‌... ఆగని సైకిలు

జూన్‌లో అమెరికాలోని టోరీ పైన్స్‌ గోల్ఫ్‌ మైదానంలో టైగర్‌ వుడ్స్‌ కుంటుతూ ఆడాడు. ఎడమ కాలి ఎముకలో చీలికలు. మోకాలి లిగమెంటు తెగి ఉంది. నాలుగో రోజు ఆఖరి రంధ్రం దగ్గర పన్నెండడుగుల దూరం నుంచి బంతిని పంపాలి. తప్పితే 45 ఏళ్ల రాకో మీడియేట్‌ యూఎస్‌ ఓపెన్‌ విజేత. బంతి గుంట అంచును పట్టుకుని, లోపల పడింది. మర్నాడు మరో 18 రంధ్రాలు ఆడినా సమానమే! పంతొమ్మిదోదానిలో వుడ్స్‌ గెలిచాడు. కొన్నాళ్లకే ఆపరేషన్‌ చేయించుకుని ఆ సీజన్‌కు దూరమయ్యాడు. అతని తర్వాతి పెద్ద టైటిల్‌ 2019లోగానీ రాలేదు. మీడియేట్‌కు అలాంటి టైటిల్‌ ఒక్కటీ లేదు.

జులైలో ఫ్రాన్స్‌ రోడ్లమీద టూర్‌ డి ఫ్రాన్స్‌ సైకిల్‌ రేసు. మూడు వారాలు, మూడున్నర వేల కిలోమీటర్లు. ఆస్ట్రేలియాకు చెందిన కాడెల్‌ ఎవాన్స్‌ 2007లో 23 సెకన్ల తేడాతో రెండోస్థానంలో నిలిచాడు. 2008లో 58 సెకన్లతో మళ్లీ రెండోస్థానమే. వేల కిలోమీటర్లు తొక్కి నిమిషం తేడాలో రెండుసార్లు ఓడితే ఎవరైనా సైకిలు గోడకు ఆనించేస్తారు. ఎవాన్స్‌ ఆనించలేదు. 2011లో, 34 ఏళ్ల వయసులో ఆ రేసు గెలిచిన తొలి ఆస్ట్రేలియన్‌ అయ్యాడు.

చుక్కలో చుక్క

ఆగస్టు 11. బీజింగ్‌ షూటింగ్‌ రేంజ్‌. పది మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌. ఇందులో పది పాయింట్లిచ్చే మధ్యచుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పుస్తకంలో ఫుల్‌స్టాప్‌ అంత! ఆ చుక్కలోనూ మరీ నడిమధ్య తగిలితే గరిష్ఠంగా 10.9.

ఫైనల్లో తొమ్మిది షాట్లు అయ్యేసరికి భారత షూటర్‌ అభినవ్‌ బింద్రా, ఫిన్లాండ్‌కు చెందిన హెన్రీ హకినెన్‌ సరిసమానంగా ఉన్నారు. మిగిలింది ఒకే షాటు. బింద్రా 10.8 కొట్టాడు. హకినెన్‌ కొట్టింది 9.7. అంతే... బింద్రా భారత్‌కు ఒలింపిక్స్‌లో తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చిన వీరుడయ్యాడు. హకినెన్‌ రజతం కూడా పోగొట్టుకుని కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. నాలుగేళ్ల కిందట ఏథెన్స్‌లో ఇదే పోటీలో ఫైనల్‌ చేరి ఏడో స్థానంతో వెనుదిరిగింది కూడా బింద్రానే.

అదే రోజు, అదే రేంజ్‌లో ఒక హైదరాబాదీ గుండె కూడా బరువెక్కింది. గగన్‌ నారంగ్‌ అర్హత పోటీలో 600కు 595 పాయింట్లు సాధించాడు. ఫైనల్‌కు వెళ్లేది ఎనిమిదిమంది. ఎనిమిదో స్థానానికీ 595 పాయింట్లే. పాయింట్లు సమానమైతే ఆఖరి వరసలో ఎవరు బాగా కాల్చారన్న లెక్క చూస్తారు. ఆ లెక్కలో నారంగ్‌ తొమ్మిదోవాడయ్యాడు. దేశమంతా బింద్రా స్వర్ణానికి పండగ చేసుకుంటుంటే, సమాన పాయింట్లతోనే ఫైనల్‌ గడప దగ్గర ఆగిపోయిన నారంగ్‌ గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అతను మాత్రం తుపాకీ పక్కన పెట్టలేదు. 2012 లండన్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచాడు. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌కు భారత బృందాన్ని ముందుండి నడిపించే బాధ్యత అతనికే దక్కింది.

ఇదే రేంజ్‌లో ఆగస్టు 17న జరిగింది సినిమాలో చూపించినా నమ్మలేం. అమెరికా షూటర్‌ మాట్‌ ఎమన్స్‌ 2004 ఏథెన్స్‌లో ఆఖరి షాటుకు ముందు హాయిగా ముందంజలో ఉండి, పక్కవాడి లక్ష్యాన్ని కాల్చాడు! సున్నా వచ్చింది. ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. బీజింగ్‌లో అదే పోటీ, అదే పరిస్థితి. ఆఖరి షాటుకు ముందు 3.3 పాయింట్ల ఆధిక్యం. ఏడు పాయింట్లు కొట్టినా స్వర్ణమే. తుపాకీ ఇంకా గురిమీదికి దిగుతుండగానే వేలు ట్రిగ్గర్‌కు తగిలింది. వచ్చింది 4.4. నాలుగో స్థానం. పతకమే లేదు.

అయితే ఎమన్స్‌ కథలో ఇంకో ముచ్చట ఉంది. ఏథెన్స్‌లో ఆ పరాభవం రోజు సాయంత్రం అతని భుజం తట్టి ఓదార్చడానికి వచ్చింది చెక్‌ దేశానికి చెందిన షూటర్‌ కేతరీనా. ఆ పరిచయం ప్రేమై 2007లో పెళ్లి దాకా వెళ్లింది. 2008 బీజింగ్‌ క్రీడల్లో మొట్టమొదటి స్వర్ణం గెలిచింది ఆ కేతరీనాయే! ఎమన్స్‌ ఆ తర్వాత థైరాయిడ్‌ క్యాన్సర్‌ బారిన పడి, కోలుకుని 2012లో తనను రెండుసార్లు ముంచిన అదే పోటీలో కాంస్యం గెలిచాడు.

11-3 నుంచి...

బీజింగ్‌లో తెలుగువాళ్లను నిద్రపోనివ్వని మ్యాచ్‌ మరొకటుంది. హరియాణాలో పుట్టి, హైదరాబాద్‌లో పెరిగి, పుల్లెల గోపీచంద్‌ శిక్షణలో ఆరితేరిన సైనా నెహ్వాల్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఒలింపిక్స్‌ బ్యాడ్మింటన్‌లో క్వార్టర్‌ఫైనల్‌ చేరిన తొలి భారత మహిళ. ఇండోనేసియాకు చెందిన మరియా క్రిస్టిన్‌ యులియాంతిమీద మొదటి గేమ్‌ను 28-26తో గెలిచింది. రెండోది పోయింది. మూడో గేమ్‌లో 11-3తో ఆధిక్యం! టీవీల ముందున్న వాళ్లు సెమీఫైనల్‌ ఖాయమనుకున్నారు. అక్కణ్నుంచి ఆట చెయ్యి జారింది. 15-21తో సైనా ఓడింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు చూసి చాలా ఇళ్లలో పెద్దవాళ్లూ కళ్లు తుడుచుకున్నారు.

నాలుగేళ్లకు లండన్‌లో కాంస్య పోరు. చైనాకు చెందిన వాంగ్‌ జిన్‌ మొదటి గేమ్‌ గెలిచింది. రెండో గేమ్‌ మొదట్లోనే మోకాలి నొప్పితో తప్పుకొంది. పతకం సైనా మెడలో పడింది. అదృష్టమన్నవాళ్లున్నారు. 11-3 ఆధిక్యం చేజారినప్పుడు దురదృష్టమనే అన్నారు. మధ్యలో నాలుగేళ్లు రోజూ తెల్లవారకముందే లేచి కోర్టుకు వెళ్లిన సంగతి ఆ రెండు మాటల్లోనూ కనిపించదు. ఆ కాంస్యం తర్వాత బ్యాడ్మింటన్‌ రాకెట్‌ పట్టిన పిల్లలు ఎందరో. అదే గోపీచంద్‌ అకాడమీ నుంచి వచ్చిన పి.వి.సింధు 2016లో రజతం, 2020 టోక్యో క్రీడల్లో కాంస్యం తెచ్చింది.

అరనిమిషం ఛాంపియన్‌

నవంబరు 2. బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్‌ సర్క్యూట్‌. ఫార్ములా వన్‌ సీజన్‌లో ఆఖరి రేసు. సొంతూరు సావోపాలోలో, సొంత జనం ముందు ఫెలిపె మసా అందరికన్నా ముందు గీత దాటాడు. ఆ క్షణానికి లూయిస్‌ హామిల్టన్‌ ఆరో స్థానంలో ఉన్నాడు. అలాగే ముగిస్తే ఇద్దరికీ 97 పాయింట్లే అయినా ఎక్కువ రేసులు గెలిచిన మసానే ప్రపంచ ఛాంపియన్‌. మసా కుటుంబం గ్యారేజీలో గంతులేసింది. స్టేడియం ఊగిపోయింది.

వాన పడుతున్నా పొడి ట్రాక్‌ టైర్లతోనే నెట్టుకొస్తున్న టిమో గ్లాక్‌ కారు ఆఖరి మలుపుల్లో నెమ్మదించింది. హామిల్టన్‌ అతణ్ని దాటేసి అయిదో స్థానంలో గీత దాటాడు. 98-97. మసా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్నది అరనిమిషం పైచిలుకు మాత్రమే. విజేతల వేదికమీద అతను గుండెమీద చెయ్యి వేసుకుని కన్నీళ్లతో జనానికి దండం పెట్టాడు. హామిల్టన్‌కు ఆ బాధ తెలియనిది కాదు. సరిగ్గా ఏడాది కిందట అదే ట్రాక్‌లో, అదే ఒక్క పాయింటుతో టైటిల్‌ పోగొట్టుకున్నది అతనే.

మసాకు తర్వాత మరో అవకాశం రాలేదు. ఆ ఏడాది సింగపూర్‌ రేసులో ఒక జట్టు కావాలనే తమ కారును గోడకు గుద్దించిందని 2009లో బయటపడింది. అప్పటిదాకా ముందున్న మసా, ఆ గందరగోళంలో ఇంధనం గొట్టంతో సహా కారు కదిలి పదమూడో స్థానానికి పడిపోయాడు. ఆ అన్యాయం లేకుంటే కిరీటం తనదేనంటూ 2024లో లండన్‌ హైకోర్టులో దావా వేశాడు. ఒక్క పాయింటు ఒక మనిషిని ఎన్నేళ్లు వెంటాడుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి!

చెపాక్‌ బాకీ... ఉప్పల్‌ ఊరట

డిసెంబరు 11. ముంబయి దాడులు జరిగి రెండు వారాలే అయింది. స్వదేశానికి వెళ్లిపోయిన ఇంగ్లండ్‌ జట్టు తిరిగొచ్చి చెన్నై చెపాక్‌లో టెస్టు ఆడింది. భారత్‌ లక్ష్యం 387. అప్పటికి మన గడ్డమీద అంత లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. సెహ్వాగ్‌ 68 బంతుల్లో 83 కొట్టి తలుపు తీశాడు. ఆఖరి రోజు సచిన్‌ 103, యువరాజ్‌ 85 పరుగులతో అజేయంగా నిలిచి గెలిపించారు. సచిన్‌ సెంచరీ, జట్టు గెలుపు ఒకే షాటులో వచ్చాయి. ఆ సెంచరీని ముంబయి బాధితులకు అంకితమిచ్చాడు.

ఆ మైదానానికి సచిన్‌ ఒక బాకీ పడ్డాడు. 1999లో అక్కడే పాకిస్థాన్‌మీద, నడుం నొప్పితోనే 136 పరుగులు చేసి ఔటయ్యాడు. గెలుపు ముంగిట జట్టు కుప్పకూలింది. 12 పరుగుల తేడాతో ఓటమి. ఆ బాకీ తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఐపీఎల్‌ పుట్టిందీ 2008లోనే. తొలి ఫైనల్‌ ఆఖరి బంతిదాకా సాగి రాజస్థాన్‌ రాయల్స్‌ గెలిచింది. మరి మన హైదరాబాద్‌ జట్టు డెక్కన్‌ ఛార్జర్స్‌? పేర్లు చూస్తే లక్ష్మణ్‌, గిల్‌క్రిస్ట్‌, సైమండ్స్‌, రోహిత్‌శర్మ... ఫలితం చూస్తే పద్నాలుగు మ్యాచుల్లో రెండే గెలుపులు, ఎనిమిది జట్లలో ఆఖరి స్థానం! ఉప్పల్‌ స్టేడియం నుంచి జనం తలలు వేలాడేసుకుని ఇళ్లకు వెళ్లేవారు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్‌ సారథ్యంలో అదే జట్టు కప్పు గెలిచింది. ఫైనల్లో బెంగళూరుమీద తేడా ఆరే పరుగులు. అదీ వెంట్రుకవాసే!

తేడా చిన్నది... జీవితం పెద్దది

ఆ ఏడాది వెంట్రుకవాసితో పని లేకుండా గెలిచినవాళ్లూ ఉన్నారు. జమైకా పరుగుల వీరుడు ఉసేన్‌ బోల్ట్‌ వంద మీటర్లలో గీత దాటకముందే గుండెలు చరుచుకుంటూ 9.69 సెకన్లలో ముగించాడు. అలాంటి బోల్ట్‌ కూడా 200 మీటర్లలో పన్నెండేళ్ల నాటి మైకేల్‌ జాన్సన్‌ రికార్డును చెరిపింది సెకనులో నూటికి రెండు వంతుల తేడాతోనే. రిలేలో గెలిచిన స్వర్ణం, సహచరుడు డోపింగ్‌లో పట్టుబడటంతో 2017లో వెనక్కి పోయింది. అలా కొన్ని ఫలితాలు తొమ్మిదేళ్ల తర్వాత కూడా మారతాయి.

2008ని వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఆ ఏడాది గెలిచిన నాదల్‌, హామిల్టన్‌ అంతకుముందు ఏడాది చివరి మెట్టుమీద ఓడినవాళ్లే. ఆ ఏడాది ఓడిన ఎవాన్స్‌, నారంగ్‌, సైనా తర్వాత గెలిచారు. చావిచ్‌, మీడియేట్‌, మసాలకు మాత్రం ఆ గెలుపు రాలేదు. ఓపిక పట్టిన ప్రతివాడికీ ఫలం దక్కుతుందని ఆటలు మాటివ్వవు. ఎనిమిదోవాడికీ తొమ్మిదోవాడికీ, మొదటివాడికీ రెండోవాడికీ మధ్య పతకం తేడా ఉంటుందేగానీ, సత్తాలో తేడా ఉండదని మాత్రం చెబుతాయి. ఒక్క మార్కుతో సీటు చేజారిన పిల్లలున్న ఇళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు బింద్రా కథ బీజింగ్‌తో అయిపోలేదు. 2016 రియోలో ఆఖరిసారి ఒలింపిక్స్‌ బరిలో దిగాడు. ఫైనల్‌ చేరాడు. పతకానికి అడుగు దూరంలో ఉక్రెయిన్‌ షూటర్‌తో పాయింట్లు సమానమయ్యాయి. ఇద్దరికీ అదనంగా ఒక్కో షాటు ఇచ్చారు. ఈసారి నడిమధ్య తగిలింది ఎదుటివాడి గుండు. బింద్రాకు నాలుగో స్థానం. ఎనిమిదేళ్ల కిందట ఒకే ఒక్క షాటుతో స్వర్ణం గెలిచిన మనిషి, ఒకే ఒక్క షాటుతో పతకం పోగొట్టుకుని, తుపాకీ పెట్టెలో సర్దుకుని ప్రశాంతంగా బయటికి నడిచాడు. ఆ రెండు రోజుల్లోనూ అతని సాధన ఒక్కటే. మారింది వెంట్రుకవాసి మాత్రమే!